పది మోపులు

పోయిన వారం మునీరాను ఆత్మకూరు ట్రావెలర్స్ బంగళా వరండాలో వదిలి వచ్చాం. చేతిలో ఫారాల కట్ట, గొంతులో ఒక మాట. ఆ అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది. లోపల ముగ్గురు పెద్దమనుషులు ఇడ్లీలు తిని, చేతులు కడుక్కుని, ఉదయగిరి కొండ సంగతి తేల్చడానికి కుర్చీలు లాక్కుంటున్నారు.

మధ్యలో చేరినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. రెండేళ్లు వరసగా వానలు ముఖం చాటేశాక ఉదయగిరి కొండ కింద పదిహేడు బావులు ఎండిపోయాయి. ఎందుకు ఎండాయో చెప్పమని ప్రభుత్వం విశ్వవిద్యాలయాన్ని అడిగింది. విశ్వవిద్యాలయం మూడు శాఖలను పంపింది. వృక్షశాస్త్రం రామనారాయణ మార్చిలో వచ్చి, కొండెక్కి, ఉన్న చెట్లనూ కొట్టేసిన చెట్ల మోడులనూ లెక్కపెట్టాడు. భూగర్భశాస్త్రం యేసురత్నం మేలో వచ్చి, బావుల్లోకి తాడు వదిలి లోతులు కొలిచాడు. అర్థశాస్త్రం జనార్దనయ్య జులైలో వచ్చి, కొండ మీది బిక్కి కట్టెతో గరిటెలు చెక్కుకుని బతికే అరవై రెండు ఇళ్లలో ఫారాలు నింపించాడు. ముగ్గురూ ఒకే జీపులో తిరిగారు, ఒకే హోటల్లో భోంచేశారు, కాకపోతే వేరు వేరు నెలల్లో. ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడం ఈ బుధవారమే మొదలు.

ఆ ఫారాలు నింపింది మునీరా. గరిటెలు చెక్కే మదార్ సాహెబ్ కూతురు. మూడేళ్లు కావలి హాస్టల్లో ఉండి బి.ఏ. చదివి, జూన్‌లో ఇంటికొచ్చింది. ఉర్దూ తెలుగూ రెండూ వచ్చని జనార్దనయ్య పనిలో పెట్టుకున్నాడు. రిపోర్టు సవ్యంగా వస్తే ఎం.ఏ.లో సీటు, స్కాలర్‌షిప్పు తన పూచీ అన్నాడు. ఆగస్టు నుంచి ఆత్మకూరులో పెద్దమ్మ కరీంబీ ఇంట్లో ఉంటూ, రోజూ బంగళాకు వచ్చి ఫారాల్లోని అంకెలు పెద్ద కాగితాల మీదికి ఎక్కిస్తూ ఉంది. ఎక్కించేటప్పుడే ఆ తేడా కంటబడింది.

ఫారానికి ఎనిమిది పేజీలు. రెండో పేజీలో వృక్షశాస్త్రం వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి ఉంది: వారానికి కొండ నుంచి ఎన్ని మోపుల కట్టె ఇంటికి వస్తుంది? ఆరో పేజీలో అర్థశాస్త్రం వాళ్ల ప్రశ్న: వారానికి ఎన్ని డజన్ల గరిటెలు చేస్తారు? రెండో పేజీలో ఇంచుమించు అందరూ పది మోపులన్నారు. ఆరో పేజీలో నాలుగు డజన్లన్నారు. మోపుకు రెండు డజన్ల గరిటెలు వస్తాయని ఆ వీధిలో పాలుతాగే పిల్లను అడిగినా చెబుతుంది. నాలుగు డజన్లకు రెండు మోపులు చాలు. మరి ఎనిమిది మోపులు ఎక్కువ ఎందుకు చెప్పారు?

జవాబు కోసం మునీరా పెద్దగా వెతుక్కోలేదు. జులైలో ఊళ్లో ఒక పుకారు లేచింది. చక్కెరకు రేషన్ కార్డు ఇచ్చినట్టే గరిటెల వాళ్లకు కట్టె కార్డు ఇస్తారట, ఎంత వాడకం చెబితే అంత రాస్తారట. ఇంట్లో నలుగురుంటే ఏడుగురని కార్డులో ఎక్కించుకోవడం మనకు కొత్తేమీ కాదు. ఇదీ అలాంటిదేనని ఆమె అనుకుంది. సొంత ఇంటి ఫారంలో కూడా నాయన చెప్పిన పదిని తన చేత్తోనే రాసింది. రాసేటప్పుడు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తన చేతిలో ఉన్న, కట్టె చెక్కే బాడిస వైపు చూశాడు. అబద్ధం కాబట్టే తల తిప్పుకున్నాడని ఆమెకు అప్పుడే అనిపించింది, అయినా నోరు మూసుకుని రాసేసింది.

ఇక లోపలికి పోదాం.

రామనారాయణ తన పటాన్ని బల్ల మీద పరిచాడు. దాని పక్కన యేసురత్నం తన పటం పరిచాడు. ఒకరి పటంలో కొండ అరచేతంత ఉంది, ఇంకొకరి పటంలో దుప్పటంత ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దామంటే కుదిరే యవ్వారం కాదు. ముగ్గురూ కాసేపు రెండు కొండలనూ మార్చి మార్చి చూశారు. ఆ తరవాత రామనారాయణ కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఎండలో నెలరోజులు కొండెక్కి దిగి, చెప్పులు రెండు జతలు అరగదీసి, నాలుగు వేల మోడులు లెక్కపెట్టిన మనిషి. చెట్టంటే ప్రాణం. మనుషులంటే కూడా ఇష్టమే గానీ, మనుషులు ఆయన శాఖ కాదు.

ఇంటికి పది మోపుల చొప్పున అరవై రెండు ఇళ్లకు వారానికి ఆరు వందల ఇరవై, ఏడాదికి ముప్పై రెండు వేల పైచిలుకు. ఆ కొండ అంత కట్టెను భరించలేదు. చెట్లు పోతే వాననీళ్లు నిలవవు, నీళ్లు నిలవకపోతే బావులెండుతాయి. కాబట్టి గరిటెల పనికి కొండ కట్టె వాడకాన్ని పూర్తిగా నిషేధించాలని సిఫారసు. చదవడం అయ్యాక ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, సోమవారం కలెక్టరుకు పంపాలి, మీ ఇద్దరి సంతకాలు కావాలన్నాడు.

వరండాలో మునీరాకు అంతా వినబడింది. అరవై రెండు ఇళ్లు. అందులో ఒకటి తనది. బాడిస తప్ప ఇంకోటి పట్టడం తెలియని నాయన, గరిటెలకు ఉప్పు కాగితం రుద్ది రుద్ది వేలిముద్రలు అరిగిపోయిన అమ్మ. కార్డు కోసం చెప్పిన అబద్ధం తిరిగొచ్చి వాళ్ల నోటికాడి కూడు లాక్కుపోతోంది. ఆ అబద్ధాన్ని రాసింది తను. భయపడింది, సిగ్గుపడింది. ఆ రెండూ ఒకేసారి పట్టుకున్నా, కదిలి లోపలికి వెళ్లింది.

"సార్, ఆ పది తప్పు."

జనార్దనయ్య తలెత్తాడు. చేజర్ల మనిషి. ఎన్ని డిగ్రీలు వచ్చినా మాటలో ఊరు పోలేదు. "ఏది తప్పమ్మా?"

"రెండో పేజీలో పది మోపులు ఉండాది సార్. ఆరో పేజీలో నాలుగు డజన్లు ఉండాది. నాలుగు డజన్లకు రెండు మోపులు చాలు. కార్డు ఇస్తారని అందరూ ఎక్కువ చెప్పినారు. మా ఇంట్లో గూడా చెప్పినారు. నేనే రాసినాను. రాసేటప్పుడే అబద్ధమని నాకు తెలుసు."

జనార్దనయ్య ఆమె చేతిలోంచి కట్ట తీసుకుని, ఒక ఫారంలో రెండో పేజీ తిప్పాడు, ఆరో పేజీ తిప్పాడు. ఇంకొకటి తీసి మళ్లీ అట్లాగే తిప్పాడు. అయిదో ఫారం దగ్గర ఆగిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

రామనారాయణ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మునీరాను ఒక్క మాట అనలేదు. అడిగింది జనార్దనయ్యను. "రెండో పేజీ నాది, ఆరో పేజీ మీది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన పని ఎవరిదండీ?"

నిజానికి ఆ పని ఎవరిదీ కాదు. ఫారం తయారుచేసేటప్పుడు ఎవరి ప్రశ్నలు వాళ్లు కవర్లో పెట్టి పోస్టులో పంపారు, ఆఫీసులో టైపు చేసే మనిషి వాటిని వరసగా కుట్టింది. మూడు శాఖలు కలిసి పనిచేశాయనడానికి ఆ కుట్టుదారమే సాక్ష్యం.

అప్పటిదాకా నోరు మెదపని యేసురత్నం ఒక ప్రశ్న వేశాడు. ఈయన మాట తక్కువ మనిషి. బావుల్లోకి తాడు వదిలి నీళ్లు తగిలేదాకా ఎదురుచూసే వృత్తి కదా, ఆ ఓపిక మాటలకూ అంటుకుంది.

"అంతా బాగానే ఉంది. వాళ్లు వాడేది రెండు మోపులే అయితే, మరి ఆ నాలుగు వేల మోడులు ఎవరు కొట్టినట్టు?"

అంతలో బంగళా వంటమనిషి టీలు తెచ్చాడు. టీలు తాగేసరికి ఆ ప్రశ్న చల్లారిపోయింది. జనార్దనయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. సోమవారం దాకా సంతకాలు లేవు. రేపు గురువారం పొద్దున్నే స్ప్రింగు త్రాసు తీసుకుని తనే ఉదయగిరి వస్తాడు, ఇంటింటా కట్టె తూస్తాడు. మొదట తూచేది మదార్ సాహెబ్ ఇంట్లోనే. మునీరా చెప్పిందే నిజమని తేలితే నిషేధం మాట కాగితంలోంచి ఎగిరిపోతుంది. ఎం.ఏ. సీటు గురించి ఆయన ఏమీ అనలేదు. పొయ్యేటప్పుడు మాత్రం, ధైర్యంగా చెప్పినావు, ఆ మాట నిలబెట్టుకో తల్లీ అన్నాడు.

మధ్యాహ్నం ఉదయగిరి బస్సులో మునీరాకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఆమెకు ఇన్నాళ్లకు గుండె నిమ్మళించింది. నాయన అబద్ధం చెప్పాడని నలుగురిలో చెప్పాల్సి వచ్చింది, నిజమే. పరువు పోయినా పని నిలిచింది. ఇంటికెళ్లి మెల్లగా చెబితే ఆయన అర్థం చేసుకుంటాడు. మదార్ సాహెబ్ కోపిష్టి కాదు.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా పెరటి గోడ మీద ఉంది. అమ్మ సుగ్రాబీ చెంబుతో నీళ్లిచ్చి, ఈ పూట వచ్చినావేందని అడిగి, జవాబు వినకుండానే గరిటెలకు ఉప్పు కాగితం రుద్దుకోవడానికి పోయింది. మదార్ సాహెబ్ పెరటి గుమ్మంలో గోనె పరుచుకుని బాడిసతో గరిటె పిడి చెక్కుతున్నాడు. ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఇంటి మాటలు ఉర్దూలో, పని మాటలు తెలుగులో. అన్నం తిన్నావా అని ఉర్దూలో అడిగిన మనిషి, మునీరా ఫారాల సంగతి ఎత్తగానే తెలుగులోకి మారాడు.

ఆమె అంతా చెప్పింది. నిషేధం రాయబోవడం, తను లోపలికెళ్లి ఆ పది అబద్ధమని చెప్పడం, రేపు పొద్దున సారు వచ్చి తూచడం. చెబుతున్నంతసేపూ ఆయన చేయి ఆగలేదు. పూర్తయ్యాక ఆగింది.

"కార్డు కోసం చెప్పినానని నీకెవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదబ్బా. నాలుగు డజన్లకు రెండు మోపులే గదా."

"ఆ దినం నువ్వు అడిగినప్పుడు నా చేతిలో ఏముండాది?"

మునీరాకు అప్పుడు తట్టింది. చిన్నప్పుడు విన్న మాటే. గరిటెల వీధిలో బాడిస చేతిలో ఉండగా కట్టె విషయంలో ఎవరూ అబద్ధమాడరు. ఆడితే చెక్కే గరిటె నిలువునా చీలుతుందని వాళ్ల నమ్మకం. కొండ నుంచి కట్టె తెచ్చేవాళ్లతో బేరమాడేటప్పుడు అబద్ధం చెప్పదలుచుకున్నవాడు ముందు బాడిస కింద పెడతాడు. దాన్ని చూసి అవతలివాడు నవ్వుకుంటాడు. కావలిలో మూడేళ్లు ఉండి వచ్చిన అమ్మాయి ఆ సంగతి మరిచిపోయింది. జులైలో ఆయన తల తిప్పుకోలేదు. చేతిలో ఏముందో చూడమని తన చూపుతో చూపించాడు.

మదార్ సాహెబ్ లేచి పెరట్లోకి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది. బావి పక్కన గోడకు ఆనించి కట్టెలు పేర్చి, తాటాకులు కప్పి ఉన్నాయి. వాన కాలానికి పొయ్యి కట్టెలు దాచారని జూన్ నుంచి ఆమె అనుకుంటున్నవి అవే. ఆయన ఒక తాటాకు ఎత్తాడు. బెరడు తీయని బిక్కి కట్టె, తొడంత లావుది, మోపులుగా కట్టి ఉంది. లెక్కపెట్టనక్కర్లేదు గానీ ఆమె లెక్కపెట్టింది. ఎనిమిది.

"వచ్చేది పదే," అన్నాడు ఆయన. "చెక్కేది రెండు. మిగతాయి ఇవి. గురువారం తెల్లారేలోపు లారీ వస్తది. అన్ని ఇళ్లయీ ఎక్కించుకోని మద్రాసు పోతది. ఆడ మిషన్ల మీద పిడులు తీస్తారంట."

ఎందుకు ఇస్తున్నారని అడిగింది. ఆయన చెప్పిన సంగతి చిన్నదే. రెండేళ్ల కిందట గరిటెలు కొనే మద్రాసు షావుకారు ఒక షరతు పెట్టాడు. గరిటెలు కావాలంటే కట్టె కూడా పంపాలి, కట్టె రాకపోతే గరిటెలు వద్దు. వేరే కొనేవాడు లేడు. మొదట్లో ఒక మోపు అన్నాడు. ఆ ఒకటి ఎనిమిది అయింది. గరిటెల కోసమైతే మోకాటి ఎత్తున కొమ్మ కొట్టి మళ్లీ చిగుర్చడానికి వదిలేసేవాళ్లు, ఇప్పుడు షావుకారుకు కావలసిన లావు కట్టె కోసం మొదలుకంటా కొడుతున్నారు. కొట్టేది కొండకు తూర్పు పక్క. ఎండిన బావులన్నీ ఆ దిక్కునే ఉన్నాయన్న ముక్క ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, బావుల లెక్కను కూడా పెద్ద కాగితాల మీదికి ఎక్కించింది మునీరానే.

"అయితే ఫారంలో ఆ మాట ఎందుకు చెప్పలేదబ్బా?"

"ఎన్ని వస్తాయని అడిగినావు, చెప్పినా. ఎన్ని చేస్తారని అడిగినావు, చెప్పినా. ఎన్ని పోతాయని ఆ ఎనిమిది పేజీల్లో యాడన్నా ఉండాదా?" ఆయన తాటాకు మళ్లీ కప్పాడు. "అరవై రెండిళ్లలోనూ ముందు గదిలో కూర్చోని రాసుకోని పోయినావు. ఒక్క ఇంట్లో గూడా పెరట్లోకి రాలే. నేను నిజమే చెప్పినాను మునీరా. అబద్ధమని నువ్వే చెప్పొచ్చినావు."

ఆ మాటకు ఆమె ఏడ్చేసింది. ఆయన ఊరుకోబెట్టలేదు, కసురుకోనూ లేదు. చేయగలిగింది రెండే అన్నాడు. తెల్లారేలోపు లారీ వెళ్లిపోతుంది. సారు వచ్చేసరికి ఇంట్లో రెండు మోపులే ఉంటాయి. త్రాసులో ఆమె మాట నిజమవుతుంది, నిషేధం పోతుంది, సీటు వస్తుంది, వచ్చే గురువారం లారీ మళ్లీ వస్తుంది. కాదంటే ఈ ఎనిమిదీ ఇక్కడే ఉంచుతాడు. ఆమె సారు ముందు అబద్ధాలకోరవుతుంది, అరవై రెండు ఇళ్ల మీద నిషేధం పడుతుంది, కొండ మీద చెట్టు మిగులుతుంది. ఏది చెప్పినా తనకు సమ్మతమేనన్నాడు. చదువుకున్నది నువ్వు గదా అని కూడా అన్నాడు. ఎగతాళిగా అనలేదు, అందుకే ఆమెకు మరీ కష్టమనిపించింది.

ఆయన చేతిలోని బాడిసను తిప్పి, పిడి ఆమె వైపు పెట్టి అందించాడు.

"నాకు చెప్పబాక. ఇది పట్టుకోని నీకు నువ్వే చెప్పుకో. ఏం చేయమంటావో అప్పుడు చెప్పు."

మునీరా బాడిస అందుకుంది. పిడి ఇంకా వెచ్చగా ఉంది. అదే సమయంలో వీధిలో జీపు ఆగిన చప్పుడు, ముందు గదిలో సుగ్రాబీ ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వినబడ్డాయి. జనార్దనయ్య ఒక రోజు ముందే వచ్చాడేమోనని ఆమె అనుకుంది.

వచ్చింది ఆయన కాదు. భుజాన తాడు చుట్ట వేసుకుని యేసురత్నం గుమ్మం దాటి లోపలికి వస్తున్నాడు. సుగ్రాబీ ముందు గదిలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. మేలో ఈ వీధి బావులు కొలవలేదమ్మా, పొద్దున్నుంచి ఆ మోడుల సంగతి మనసులో పీకుతూనే ఉంది, అంతకుమించి పనేమీ లేదు, ఒకసారి తాడు వదిలి వెళ్లిపోతానని చెబుతూ, బావి ఎక్కడుంటుందో ఎవరూ చూపనక్కర్లేదన్నట్టు నేరుగా పెరట్లోకి వచ్చేశాడు. మదార్ సాహెబ్‌కు నమస్కారం పెట్టాడు. బావి వైపు రెండడుగులు వేసి, ఆగి, వంగాడు. తాటాకుల కింద నుంచి ఒక కట్టె మొదలు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఆయన కొస తాటాకు ఎత్తి చూశాడు. మళ్లీ దించాడు. తాడు చుట్ట భుజం మీంచి తీసి బావి గట్టు మీద పెట్టి, మునీరా వైపు తిరిగాడు.

"ఇంటికి వారానికి ఎన్ని మోపులు వస్తాయన్నావమ్మా పొద్దున?"

మదార్ సాహెబ్ కూతురి చేతి వైపే చూస్తున్నాడు. బాడిస కింద పెట్టడానికి ఆమెకు పక్కనే బావి గట్టు ఉంది.